రిబ్బన్ బదులు కేబుల్ కత్తిరించండి

రఘునాథపల్లి,
జనగామ జిల్లా.

తెలంగాణ రాష్ట్ర ఐటీ, పరిశ్రమల శాఖల మంత్రివర్యులు
గౌరవనీయులు శ్రీ దుద్దిళ్ల శ్రీధర్ బాబు గారికి,

విషయం: వరదొచ్చినా, కరెంటు పోయినా, కేబుల్ తెగినా పల్లెలకు మాట అందేలా రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్ నెట్‌వర్క్ అయిన టీ-ఫైబర్‌ను తీర్చిదిద్దాలని విన్నపం.



మా రఘునాథపల్లికి ఒక పక్క 163వ జాతీయ రహదారి, ఇంకో పక్క సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గం. హైదరాబాద్, వరంగల్ మాట్లాడుకునే మాటల్లో చాలా భాగం మా పొలాల గట్ల పక్కనుంచే పోతుంది. అయినా జేసీబీ పన్ను ఒక్కటి తప్పు చోట దిగిందంటే రేషన్ దుకాణంలో ఈ-పాస్ మిషను వేలిముద్ర తీసుకోదు. పింఛనుకొచ్చిన అవ్వ పోస్టాఫీసు అరుగు మీద పొద్దుగూకేదాకా కూర్చుంటుంది. తహసీల్ ఆఫీసులో భూమి రికార్డుల భూభారతి పని మరునాటికి పోతుంది. వడ్ల కొనుగోలు కేంద్రంలో రైతు వివరాలు ట్యాబ్‌లోకి ఎక్కవు. ఇది ఏ ఒక్క కంపెనీ మీదో ఫిర్యాదు కాదు. టెలిఫోన్ లైన్ల మీద ఏళ్ల తరబడి పనిచేసినవాడిగా నాకు తెలిసిందొకటే: ఏ కేబులైనా ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. తెగకుండా వేయగలమని ఎవరైనా మాటిస్తే నమ్మకండి. తెగిన తర్వాత ఏమవుతుందో చెప్పగలిగితేనే ఆ పని తెలిసినట్టు.

మామూలు రోజుల్లో ఈ కష్టం ఒక పూట పని చెడడంతో పోతుంది. వాగులు పొంగిన రోజున అలా పోదు. 2023 జులై చివరి వారం మీకు గుర్తుండే ఉంటుంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో అంతకు ముందెన్నడూ అంత వాన నమోదు కాలేదు. 27వ తేదీ తెల్లవారుజామున భూపాలపల్లి దగ్గర మోరంచవాగు మోరంచపల్లి మీద పడింది. జనం మిద్దెలెక్కి, చెట్లెక్కి ప్రాణాలు నిలుపుకున్నారు. హెలికాప్టర్లు, పడవలు వస్తే గాని బయటపడలేదు. ఏడాది తిరిగిన తర్వాత, 2024 సెప్టెంబరు 1న, మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు ఒడ్డున సీతారాం తండా మునిగింది. కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. మిద్దె మీద నిలబడ్డ మనిషికి అప్పుడు మిగిలే ఆస్తి చేతిలోని ఫోను, అందులో ఇంకా ఆరిపోని చార్జింగు. ఆ ఫోనుకు సిగ్నల్ ఉందా లేదా అన్నది ఆ రాత్రి తేలే సంగతి కాదు, ఏళ్ల క్రితం కేబుల్‌కు దారి గీసిన కాగితం మీదే తేలిపోయింది.

మంథని నియోజకవర్గం ప్రతినిధిగా మహదేవపూర్, కాటారం, పలిమెల మండలాల సంగతి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. గోదావరి ఒడ్డున, అడవి నడుమ ఉన్న ఊళ్లకు రెండో రోడ్డే ఉండదు, రెండో కేబుల్ ఎక్కడిది? అందుకే ఈ లేఖ మీకే రాస్తున్నాను.

ప్రభుత్వ నివేదికల్లో రెండు అంకెలు తప్పకుండా కనిపిస్తాయి: ఎన్ని కిలోమీటర్ల కేబుల్ వేశాం, ఎన్ని పంచాయతీలకు కనెక్షన్ ఇచ్చాం. మూడో అంకె ఒకటుంది. ఏ ఒక్క చోట తెగినా ఎన్ని పంచాయతీలు ఇంకా మాట్లాడగలవు? ఈ అంకెను ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ లెక్కగట్టరు.

లెక్క కష్టమైనదేమీ కాదు. ఒక లైను ఏడాదిలో నూటికి 99 పాళ్ల సమయం బాగానే పనిచేస్తుందనుకుందాం. వినడానికి గొప్పగా ఉంటుంది. ఏడాదికి 8,760 గంటలు, అందులో ఒక పాలు అంటే దాదాపు 88 గంటలు. మూడున్నర రోజులకు పైగా ఊరు మూగబోతుందన్నమాట. అలాంటిదే ఇంకో లైను వేరే దారిన వస్తే, రెండూ ఒకేసారి పడిపోయే అవకాశం పదివేలలో ఒక వంతుకు తగ్గుతుంది. ఏడాది మొత్తమ్మీద 53 నిమిషాలు. లైను నాణ్యత పెంచలేదు, ఇంకొకటి జోడించామంతే. 88 గంటలు గంటలోపుకు వచ్చాయి.

ఈ లెక్కకు ఒక షరతుంది. రెండు లైన్లలో ఒకదాని చావుతో ఇంకోదానికి సంబంధం ఉండకూడదు. రెండు కేబుళ్లూ ఒకే కందకంలో ఉంటే జేసీబీకి అవి రెండు కావు, ఒక్కటే. రెండు కంపెనీల కేబుళ్లు ఒకే వంతెన గోడకు వేలాడుతుంటే వాగుకు కూడా ఒక్కటే. ఒకే బోరులో రెండు మోటార్లు దించి మాకు రెండు బోర్లున్నాయని చెప్పుకునే రైతు ఎక్కడైనా ఉంటాడా? కాగితం మీద మన కేబుళ్ల సంగతి తరచూ అలాగే ఉంటుంది.

మన రాష్ట్రంలో ఇది ఊహకు వదిలేసే విషయం కాదు. మిషన్ భగీరథ తాగునీటి పైపుల కోసం తవ్విన కందకంలోనే ఫైబర్ డక్టు వేసి టీ-ఫైబర్‌ను మొదలుపెట్టారు. రోడ్డు ఒకసారే తవ్వి రెండు పనులు కానివ్వడం మంచి ఆలోచనే, ఖర్చు ఎంతో కలిసొచ్చింది. కాని నీళ్ల పైపు, మాట తీగ ఒకే దారిన ఒకే వాగు దాటుతుంటే వరదకు రెండూ ఒకేసారి పోతాయి. నీళ్లు రావడం లేదని చెప్పడానికి కూడా ఫోను ఉండదు. భగీరథ దారిని వదులుకోమని నేననడం లేదు. దాన్ని మొదటి దారిగా ఉంచి, రెండోది దానికి దూరంగా వేయమంటున్నాను.

ఢిల్లీ కూడా ఈ పాఠం ఆలస్యంగానే నేర్చుకుంది. 2011లో మంజూరైన జాతీయ ఫైబర్ పథకమే తర్వాత భారత్‌నెట్ అయింది. తొలి దశలో మండల కేంద్రం నుంచి పంచాయతీకి ఒక్క తీగ, చెట్టు కొమ్మల్లా విడిపోతూ పోయింది. నడుమ ఎక్కడ తెగినా ఆ చివరి ఊళ్లన్నీ పడిపోతాయి. 2023 ఆగస్టు 4న కేంద్ర మంత్రివర్గం 1,39,579 కోట్ల రూపాయలతో సవరించిన భారత్‌నెట్‌కు ఆమోదం తెలిపింది. అందులో పంచాయతీలను రింగుల్లో కలపాలన్నారు. పదేళ్ల నిర్వహణను ఒప్పందంలోనే పెట్టారు. ఫైబర్ ఎక్కడ తెగిందో దూరం నుంచే కనిపెట్టే ఏర్పాటునూ చేర్చారు. ఇవన్నీ సరైన మార్పులే.

రింగు పనిచేసే తీరు తేలికే. మండల కేంద్రం నుంచి బయల్దేరిన కేబుల్ ఊరూరా తిరిగి మళ్లీ అక్కడికే వస్తుంది. ఒక చోట తెగితే అటు పోవలసిన సమాచారం వెనక్కి మళ్లి ఇంకో వైపు నుంచి గమ్యం చేరుతుంది. సరిగ్గా అమర్చిన యంత్రాలైతే ఈ మళ్లింపును సెకనులో ఇరవయ్యో వంతులో పూర్తి చేస్తాయి. మాట్లాడుతున్నవాళ్లకు తెలియను కూడా తెలియదు. కాని రింగు ఒక్క దెబ్బనే కాస్తుంది. రెండు చోట్ల తెగితే నడుమ ఊళ్లు ద్వీపమైపోతాయి. వరద ఒక్క చోట కొట్టి ఊరుకోదు. ఒకే రాత్రి ఆకేరు, పాలేరు, మున్నేరు కలిసి పొంగుతాయి. రింగు రెండు చేతులూ ఒకే వాగును దాటుతుంటే పేరుకు అది రింగే, వానాకాలంలో మాత్రం పాత ఒంటి తీగే.

1964లో అమెరికాలోని రాండ్ సంస్థలో పాల్ బారన్ అనే ఇంజనీరు అణుయుద్ధాన్ని కూడా తట్టుకునే సమాచార వ్యవస్థ ఎలా ఉండాలో పరిశోధించి ప్రచురించాడు. అన్నీ ఒక కేంద్రానికి వేలాడేలా కాకుండా ప్రతి కూడలినీ చుట్టుపక్కల కూడళ్లతో కలపాలన్నాడు. కూడళ్లను కలపడానికి కావలసిన కనీసానికి మూడు నాలుగు రెట్లు దారులుంటే చాలు, సగం కూడళ్లు పోయినా మిగిలినవాటిలో చాలా భాగం మాట్లాడుకోగలవని లెక్కగట్టి చూపించాడు. సమాచారాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి దొరికిన దారిన పంపాలన్న అతని ఆలోచన మీదే ఇవాళ్టి ఇంటర్నెట్ నడుస్తోంది. పంచాయతీకి నాలుగు కేబుళ్లు వేయమని నేనడగను. పక్క జిల్లా రింగుతో ఈ జిల్లా రింగును రెండు మూడు చోట్ల ముడివేసి, వాగు దాటే చోట మైక్రోవేవ్ రేడియో లింకు ఒకటి పెడితే మూడో దారి తక్కువ ఖర్చుతో దొరుకుతుంది. వరద రేడియో తరంగాన్ని కోసుకుపోలేదు.

దారులు ఎన్ని ఉన్నా టవర్‌కు ప్రాణం కరెంటు. కరెంటు పోతే బ్యాటరీ కొన్ని గంటలు మోస్తుంది. తర్వాత డీజిల్ జనరేటర్. వాగు రోడ్డును కోసేశాక డీజిల్ డబ్బా మోసుకొచ్చేదెవరు? టవర్లన్నీ నిలబడే ఉంటాయి, ఫోన్లన్నీ మూగబోతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు అంత పెద్ద నగరంలోనే ఫోన్లు రోజుల తరబడి పలకలేదు. ఇందులో ఒక ముడి కూడా ఉంది. కరెంటు లైను బాగుచేసేవాళ్లకు ఫోను కావాలి, ఫోను పలకాలంటే కరెంటు రావాలి. ఎవరు ముందు అన్నది వరద రాకముందే తేల్చుకోకపోతే ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ కూర్చుంటారు.

2022 జులై 8న కెనడాలో ఇలాంటి ముడే ఒక దేశాన్ని కట్టిపడేసింది. రోజర్స్ అనే పెద్ద కంపెనీ తన యంత్రాల్లో చేసిన ఒక మార్పు వికటించి కోటి ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లు ఒక రోజంతా ఆగిపోయాయి. చాలామందికి అత్యవసర నంబరు 911 కూడా కలవలేదు. బాగుచేయవలసిన సిబ్బంది ఫోన్లు, వాళ్లు యంత్రాల్లోకి వెళ్లే దారి, అన్నీ పడిపోయిన ఆ నెట్‌వర్క్ మీదే ఆధారపడి ఉన్నాయి. ఇతర కంపెనీల సిమ్‌లు తెప్పించుకున్నాక గాని ఒకరితో ఒకరు సరిగా మాట్లాడుకోలేకపోయారు. ఆ తర్వాత అక్కడి ప్రధాన కంపెనీలు ఆపదలో ఒకదాని వినియోగదారులను ఇంకొకటి మోయాలని ఒప్పందం రాసుకున్నాయి. మన దగ్గర విపత్తుల వేళ ఇంట్రా సర్కిల్ రోమింగ్ పేరుతో ఆ ఏర్పాటు ఉంది. అయితే టీ-ఫైబర్ మరమ్మతు బృందాల చేతిలో టీ-ఫైబర్‌తో సంబంధం లేని ఫోను ఉందా అని మీరు ఒకసారి అడిగి చూడండి.

మరమ్మతు గురించి ఇంకో లెక్క. ఏడాదికి రెండుసార్లే తెగి ఒక్కోసారి రెండేసి రోజులు పట్టే లైను 96 గంటలు మూగబోతుంది. ఆరుసార్లు తెగినా రెండేసి గంటల్లో అతుక్కునే లైను 12 గంటలే మూగబోతుంది. తెగడం అందరి కంట్లో పడుతుంది. అతికే పనికి ఎంతసేపు పడుతుందో మాత్రం ఎవరి రిజిస్టర్‌లోనూ ఎక్కదు. ఫైబర్ అతికే స్ప్లైసింగ్ మిషను, తెగిన చోటు చూపే ఓటీడీఆర్, వాటిని వాడే చేయి వాగుకు ఏ ఒడ్డున ఉన్నాయన్న దాని మీదే ఆ గంటలు ఆధారపడతాయి. తవ్వకాల సంగతికొస్తే, 2023 మార్చి 22న కేంద్రం ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ యాప్ తెచ్చింది. తవ్వేముందు ఆ నేల కింద ఎవరి కేబుల్ ఉందో అడిగి తెలుసుకోవచ్చు. మా దారిన తవ్వే జేసీబీ ఆపరేటర్లలో దాని పేరు విన్నవాళ్లు ఎంతమందో మీ అధికారులు వచ్చి అడిగితే తెలుస్తుంది.

ఇంతకీ ఇవన్నీ విదేశాల నుంచే నేర్చుకోనక్కర్లేదు. మా ఊరి రైల్వే స్టేషన్‌కు వస్తే సగం పాఠం అక్కడే దొరుకుతుంది. రెండు స్టేషన్ల నడుమ రైలు వదలాలంటే అవతలి స్టేషన్ మాస్టరు అనుమతి కావాలి. ఆ అనుమతి అడిగే పరికరం చెడిపోతే ఏం చేయాలో రైల్వే నిబంధనల్లో వరసగా రాసి ఉంటుంది. పరికరం పోతే దానికి తగిలించిన ఫోను, అదీ పోతే రెండు స్టేషన్ల మధ్య ఫోను, తర్వాత మామూలు ఫోను, తర్వాత కంట్రోల్ ఫోను, ఆ తర్వాత వైర్‌లెస్. ఆ అనుమతిని కాగితం మీద రాసి డ్రైవరు చేతికిస్తారు. దాన్ని పేపర్ లైన్ క్లియర్ అంటారు. విన్న మాట నిజంగా అవతలి మాస్టరుదేనని రుజువుకు ఒకరికొకరు ప్రైవేట్ నంబర్లు చెప్పుకుంటారు. అర్ధరాత్రి, జోరువానలో, నిద్రకళ్లతో ఉన్న మనిషి కూడా కొత్తగా ఆలోచించనక్కర్లేదు. ఏది పోతే ఏది వాడాలో ముందే తేల్చి, నేర్పి, పరీక్ష పెట్టి ఉంచారు. 2024లో ఇంటికన్నె దగ్గర కట్ట తెగినప్పుడు రైళ్లను గుంటూరు–పగిడిపల్లి దారిన మళ్లించగలిగారంటే అక్కడ రెండో దారి అంతకు ముందే ఉంది కాబట్టి. సెప్టెంబరు 4కల్లా తెగిన దారిలో రైళ్లు మెల్లగా కదిలాయి.

మన కలెక్టరేట్లలో, మండలాఫీసుల్లో ఇలాంటి వరస ఎక్కడ రాసి ఉంది? సెల్ పోతే ఏమిటి? ఫైబర్ పోతే ఏమిటి? రెండూ పోతే ఎవరు ఎవరికి, దేనితో చెప్పాలి? 2023లో దేశంలో చాలా చోట్ల ఫోన్లు ఒక్కసారిగా కీచుమని మోగడం అందరికీ గుర్తుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరికకు అది పరీక్ష. ఒక ప్రాంతంలోని ఫోన్లన్నిటికీ ఒకే దెబ్బన చేరుతుంది, లైన్ల రద్దీ దాన్ని ఆపలేదు. కాని టవర్ బతికి ఉంటేనే. టవర్ పోయిన ఊళ్లో పంచాయతీ మైకు, డప్పు చాటింపు ఇప్పటికీ అక్కరకొచ్చేవే. ఏ ఇంటికి ఎవరు చెప్పాలన్న జాబితా ముందే ఉంటే.

హైదరాబాద్‌లోనే ఇంకో ఆస్తి ఉంది. 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ 2004 డిసెంబరులో హామ్ (అమెచ్యూర్) రేడియో కార్యక్రమం కోసం అండమాన్‌లో ఉన్నారు. 26న సునామీ వచ్చి ఫోన్లన్నీ తెగిపోతే ఆమె, ఆమె తోటివారు తమ రేడియోలతో దీవులకూ దేశానికీ నడుమ మాట నిలబెట్టారు. ఎక్సేంజి అక్కర్లేదు, టవర్ అక్కర్లేదు. ఒక రేడియో, ఒక తీగ యాంటెనా, ఒక బ్యాటరీ, దాన్ని నడపడం వచ్చిన మనిషి. ఆ మనిషిని తయారుచేయడానికి నెలలు పడుతుంది. వరద వచ్చిన రోజున మొదలుపెడితే అవదు.

మంత్రిగారూ, సెల్ టవర్లు, రోమింగ్, లైసెన్సులు కేంద్రం చేతిలో ఉన్నాయని నాకు తెలుసు. టీ-ఫైబర్, కరెంటు, రాష్ట్ర రోడ్లు, విపత్తుల నిర్వహణ మీ ప్రభుత్వం చేతిలోవే. ఆ మేరకే ఈ కోరికలు:

1. ప్రతి మండలానికీ ఒక పటం వేయించండి. రింగు రెండు చేతులు ఒకే కందకంలో, ఒకే వంతెన మీద, ఒకే స్తంభాల వరస మీద ఎక్కడెక్కడ కలుస్తున్నాయో ఎర్రగీతతో గుర్తు పెట్టించండి. మోరంచవాగు, ఆకేరు, మున్నేరు దాటే చోట్ల ఆ ఎర్రగీతలను ముందుగా విడదీయించండి.

2. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, పోలీసు స్టేషన్, తహసీల్ ఆఫీసు, విద్యుత్ సబ్‌స్టేషన్, పునరావాసానికి వాడే ఒక బడి: మండలానికి ఈ ఐదు చోట్లకు రేడియో ద్వారానో, ఉపగ్రహం ద్వారానో మూడో దారి ఇవ్వండి. సోలార్, బ్యాటరీలతో మూడు రోజులు నడిచే కరెంటు పెట్టండి.

3. ఏ ఫీడరు మీద ఏ టవర్ ఉందో ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ, టెలికాం కంపెనీలు కలిసి జాబితా రాయాలి. లైను తెగితే ఏది ముందు ఎక్కించాలో అందులో ఉండాలి. వానాకాలానికి ముందే డీజిల్ వాగు అవతలికి చేరాలి.

4. మరమ్మతు బృందాలను పెద్ద వాగులకు రెండు ఒడ్డుల్లోనూ ఉంచండి. ఒప్పందాల్లో శాతాలు కాకుండా గంటలు రాయించండి. ప్రతి మండలం ఏడాదిలో ఎన్ని గంటలు మూగబోయిందో జనానికి కనబడేలా ప్రకటించండి.

5. ప్రతి కలెక్టరేట్‌లో ఒక హామ్ రేడియో కేంద్రం, దాన్ని నడపగల ఐదుగురు యువకులు ఉండేలా చూడండి. రైల్వే నిబంధనల్లో ఉన్నట్టు, ఏది పోతే ఏది అన్న వరసను ఒక్క పేజీలో తెలుగులో రాయించి ప్రతి మండలాఫీసు గోడకు అంటించండి.

ఇంత ఖర్చెక్కడిదని ఆర్థికశాఖ అడుగుతుంది. అన్ని ఊళ్లకూ ఒకే స్థాయి రక్షణ ఇవ్వనక్కర్లేదు, ఇవ్వలేం కూడా. అందుకే మండలానికి ఐదు చోట్లన్నాను. సినిమాలు ఆగినా పరవాలేదు, 108కి ఫోను కలవాలి. వీడియో రాకపోయినా ‘నీళ్లొస్తున్నాయి, మిద్దె మీదున్నం’ అన్న నాలుగు మాటల సందేశం పోవాలి. తక్కువ సామర్థ్యం మిగిలినప్పుడు ముందు దేన్ని పోనివ్వాలో యంత్రాల్లో ఇప్పుడే అమర్చుకోవచ్చు, దానికి పెద్దగా డబ్బు కూడా పట్టదు.

ఆరో కోరిక చివరికి మిగిల్చాను. టీ-ఫైబర్ రింగు ఏ జిల్లాలో సిద్ధమైనా ప్రారంభోత్సవానికి మిమ్మల్ని పిలుస్తారు, రిబ్బన్, కత్తెర తెస్తారు. ఆ కత్తెరతో రిబ్బన్ కాదు, అందరి ముందూ ఆ రింగులోని కేబుల్ కత్తిరించండి. మండలాఫీసు నుంచి ఆ చివరి ఊరి సర్పంచుకు ఫోను కలుస్తుందో లేదో అక్కడే చూడండి. తర్వాత మెయిన్ స్విచ్ దించి, ఎన్ని గంటలు నడుస్తుందో లెక్కపెట్టించండి. కత్తిరించిన చోటును అతకడానికి ఎంతసేపు పట్టిందో ఆ సాయంత్రమే పత్రికలవాళ్లకు చెప్పండి. ఫోను కలవకపోతే అది మీ తప్పు కాదు, లోపం వానాకాలానికి ముందే దొరికినట్టు. కలిస్తే అంతకంటే మంచి ప్రారంభోత్సవం ఈ రాష్ట్రంలో ఇంకోటి ఉండదు. మొదటి పరీక్షకు రఘునాథపల్లి సిద్ధంగా ఉంది. తేదీ మీరు చెప్పండి.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి,
రఘునాథపల్లి.